తోటపని ఇష్టం లేనివాడి తోట

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. నాకు తోటపని ఇష్టం లేదు. ఎవరి ఇంటి ముందైనా విరగబూసిన గులాబీలు చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ ఆ ముచ్చట గేటు దాకానే. తెల్లారి లేచి పైపు పట్టుకోవడం, ఆకులు తిప్పి పురుగు ఉందేమో వెతకడం, ఆదివారం పూట మట్టి పిసకడం నా వల్ల కాని పనులు.

ఇలాంటివాడు తోట గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. మొక్కల మీద ప్రేమ ఉన్నవారికి ఎవరి సలహా అక్కరలేదు. వారు ఎక్కడికి బదిలీ అయినా నెల తిరిగేసరికి నాలుగు కుండీలు పెట్టేస్తారు. సలహా కావలసింది మనలాంటి వారికి. ఇంటి చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది. బోసిగా వదిలేయడానికి మనసు ఒప్పదు, చూసుకోవడానికి తీరిక ఉండదు. పైగా మన ఉద్యోగంలో ఒక తిరకాసు ఉంది. మనకు ఖాతాల ముగింపు హడావుడి మార్చిలో. మొక్కలకు ఎండ ముదరడం మొదలయ్యేదీ మార్చిలోనే. వాటికి మన అవసరం ఎక్కువయ్యే రోజుల్లోనే మనం రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరతాం.

నేను ఈ విషయం నేర్చుకున్నది పుస్తకాలు చదివి కాదు. మా అమ్మ చెయ్యి విరిగితే నేర్చుకున్నాను.

36 కుండీల కథ

ఆరేళ్ల క్రితం నేను రాజమహేంద్రవరంలో పనిచేసేవాణ్ణి. అక్కడ పనిచేసి కడియం నర్సరీలు చూడకుండా వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఉండడేమో. కాలువ నీళ్లు, మెత్తటి ఒండ్రు నేల, గాలిలో తేమ. అక్కడ ఏ మొక్కను చూసినా నవ్వుతున్నట్టే ఉంటుంది. కర్నూలుకు బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు, సామాన్లలో సగం అనంతపురంలోని మా సొంతింటికి పంపాలనుకున్నాను. లారీలో చోటు మిగిలింది. ఆ చోటు నింపడానికి 36 మొక్కలు కొన్నాను. గులాబీలు, క్రోటన్లు, ఫెర్న్‌లు, పేరైనా గుర్తులేని రంగురంగుల ఆకుల మొక్కలు.

అనంతపురం ఇల్లు మా నాయన కట్టించింది. ఆరు సెంట్ల స్థలం. ఇల్లు పోగా ముందూ పక్కనా కలిపి రెండు సెంట్లు, అంటే సుమారు 80 చదరపు మీటర్లు ఖాళీ. నాయన పోయాక అమ్మ అక్కడే ఉంటోంది. కర్నూలుకు రమ్మంటే రాదు. నేను రెండో శనివారం, నాలుగో శనివారం వెళ్లి వచ్చేవాణ్ణి. నాయన పోయాక ఇల్లు మరీ బోసిపోయిందని, అమ్మకు కాలక్షేపంగా ఉంటుందని ఆ మొక్కలు పంపాను.

వాటిలో సగం మొదటి వేసవి దాటలేదు. ఎందుకు దాటతాయి? దేశంలో బాగా తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో మాదొకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. గోదావరి గట్టు మీద పెరిగిన మొక్కను తెచ్చి ఎర్రనేల ఎండలో, ఉప్పునీటి బోరు పక్కన పెడితే అది బతకాలనుకోవడం నా తెలివితక్కువతనం. చచ్చినవాటి స్థానంలో నేను మళ్లీ కొన్నాను. వెళ్లిన ప్రతిసారీ అమ్మ వాటిని చూపించేది, నేను ‘బాగున్నాయమ్మా’ అనేవాణ్ణి.

రెండో ఏడాది మే నెలలో ఒక సాయంత్రం పక్కింటి అక్క ఫోన్ చేసింది. సంపు దగ్గర పాచి మీద కాలు జారి అమ్మ పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. అప్పటికి ఆమెకు 73 ఏళ్లు. రాత్రికి ఆసుపత్రికి చేరుకుని, ‘ఆ వేళలో సంపు దగ్గర నీకేం పనమ్మా?’ అని కోప్పడ్డాను.

‘నీళ్లు పోస్తాంటి నాయనా. నీకు చెట్లంటే పాణం కదా, అంత దూరం నుంచి మోసుకొస్తివి. ఎండిపోతే నువ్వు బాధపడతావని’ అంది.

‘నాకా? నీకిష్టమని కదమ్మా నేను తెచ్చింది!’

‘నాకు తులసమ్మ, రెండు కనకాంబరాలు ఉంటే సాలు. ఇన్ని ఎవురు అడిగినారు?’

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని లెక్క వేశాను. వేసవిలో కుండీకి రెండు లీటర్ల చొప్పున రోజుకు 72 లీటర్లు. ఆమె మోయగలిగేది అర బకెట్టు, అంటే ఏడెనిమిది లీటర్లు. రోజుకు పది సార్లు సంపుకూ కుండీలకూ నడక. నాకు ఇష్టం లేని మొక్కలకు, ఆమె కూడా కోరుకోని మొక్కలకు, ఆమె ఒక్కతే రెండేళ్లు నీళ్లు మోసింది. శ్రమ లేని తోట అని మనం అనుకునే చాలా తోటల్లో శ్రమ లేకపోవడం కాదు, అది మనకు కనబడదు, అంతే. ఇంట్లో ఎవరో చేస్తుంటారు. ఎక్కువగా ఆడవాళ్లు, పెద్దవాళ్లు.

కట్టు విప్పేలోగా ఆ పెరడును మార్చాలని నిశ్చయించుకున్నాను. అప్పటి నుంచి తెలుసుకున్నవి, చేసినవి, చేసి తప్పు దిద్దుకున్నవి ఇవి.

మంజూరుకు ముందు పరిశీలన

మనం ఎవరికైనా అప్పు మంజూరు చేసే ముందు ఏం చూస్తాం? ఎంత కావాలని అడిగారన్నది కాదు, నెలనెలా ఎంత కట్టగలరన్నది చూస్తాం. తోటకు కూడా అంతే. మొక్క ధర ఒక్కసారి ఇచ్చేది. దాని చాకిరీ ప్రతి వారం కట్టే వాయిదా. నేను మొక్కలు కొన్నప్పుడు వాయిదా ఎవరు కడతారో చూసుకోలేదు. అందుకే మా పెరడు నిరర్థక ఆస్తి అయింది.

కాబట్టి నర్సరీకి వెళ్లే ముందు కాగితం మీద నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

మొదటిది, పని ఎవరు చేస్తారు? ‘ఇంట్లో వాళ్లు’ అని రాయకూడదు. పేరు రాయాలి. ఆ పేరు గల మనిషిని అడిగి రాయాలి.

రెండోది, వారానికి ఎన్ని నిమిషాలు? ఉత్సాహంగా ఉన్న రోజు కాదు, మార్చి ఆఖరి వారంలో ఎన్ని నిమిషాలు ఇవ్వగలరో రాయాలి.

మూడోది, ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు ఇంట్లో ఎవరూ ఉండరు? మీ తోట అన్ని రోజులు తనంతట తాను బతకాలి.

నాలుగోది, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎలాంటివి? కుళాయి నీళ్లా, ఉప్పు బోరా, రెండు రోజులకోసారి వచ్చేవా?

మా ఇంటికి వచ్చిన జవాబులు ఇవి. పని చేసేది నేను. సమయం రెండు వారాలకు అరగంట. ఎవరూ చూడని కాలం 15 రోజులు. నీళ్లు ఉప్పు బోరువి. అమ్మ పేరు ఎదురుగా ‘సున్నా నిమిషాలు’ అని రాశాను. ఈ అంకెలు చూశాక ఏ మొక్కలు కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికిపోయింది.

నీళ్లు తక్కువ ఉన్నచోట తోటను ఇలా ముందే లెక్కగట్టి వేయడానికి ఒక పద్ధతి ఉంది. అమెరికాలో డెన్వర్ నగరపు నీటి సరఫరా సంస్థ 1981లో దానికి ‘జెరిస్కేపింగ్’ అని పేరు పెట్టింది. ముందు ప్రణాళిక, నేలను బాగుచేయడం, తగిన మొక్కలు, గడ్డి తగ్గించడం, నీటి అవసరాన్ని బట్టి మొక్కలను ఒకచోట చేర్చడం, నేలను కప్పి ఉంచడం, కాస్త సంరక్షణ. సూత్రాలు ఇవే. మన పల్లెల్లో పెద్దలు చేసింది కూడా దాదాపు ఇదే, పేరు పెట్టలేదు.

ముందు వదులుకోవలసినవి

చాకిరీ తగ్గాలంటే ఏమి నాటాలన్నదాని కంటే ఏమి నాటకూడదన్నది ముఖ్యం.

పచ్చిక: చూడటానికి అందం, పెంచడానికి ఏనుగు. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్లు పోస్తే ఒక మిల్లీమీటరు వర్షంతో సమానం. ఎండాకాలంలో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు చదరపు మీటరుకు 5 లీటర్లయినా కావాలి. మా 80 చదరపు మీటర్లకు రోజుకు 400 లీటర్లు. దాని పైన కోత, కలుపు, ఎరువు.

చిన్న కుండీలు: నేలలో ఉన్న మొక్క వేర్లు తడిని వెతుక్కుంటూ లోతుకు వెళ్తాయి. కుండీలో ఉన్న మొక్కకు వెళ్లే దారి లేదు. ఆరంగుళాల కుండీలో పట్టే మట్టే కొంచెం. పక్కల నుంచి కూడా ఎండ తగులుతుంది కాబట్టి ఒక్క పూటలో ఆరిపోతుంది. అంటే చిన్న కుండీ అంటే రోజూ పని. నేల ఉన్నవారు నేలలోనే నాటాలి. నేల లేనివారు తక్కువ కుండీలు, పెద్ద కుండీలు పెట్టుకోవాలి.

గులాబీ: కత్తిరింపు, ఎరువు, ఆకుమచ్చ తెగులు. ప్రేమించేవారికే పూస్తుంది.

మందారం: మొక్క గట్టిదే, కానీ పిండినల్లి పట్టిందంటే వదలదు. మా ఇంట్లో రెండు ఉండేవి. తీసేశాను.

కత్తిరించి గోడలా పెంచే కంచె మొక్కలు: నెలకోసారి కత్తెర పట్టకపోతే తల మాసిన మనిషిలా తయారవుతాయి. మొక్కను దాని సహజ ఆకారంలో పెరగనిస్తే ఈ పని ఉండదు.

ఇంకొక హెచ్చరిక. త్వరగా పచ్చగా కనబడుతుందని కోనోకార్పస్ అంటగట్టేవారు ఉంటారు. దాని వేర్లు పైపుల్లోకీ కాలువల్లోకీ చొరబడతాయన్న ఫిర్యాదులు చాలా ఉన్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్ని నిషేధించింది.

ఇన్ని తంటాలెందుకు, అంతా సిమెంటు చేసేస్తే పోలేదా అని మా బావమరిది అన్నాడు. పోదు. ఎండాకాలం ఆ సిమెంటు పగలంతా కాగి రాత్రంతా ఇంట్లోకి వేడి వదులుతుంది. వాన పడితే చుక్క నేలలోకి ఇంకదు. మా ఇంటిపైకప్పు 100 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వానకు దాని మీద ఏడాదిలో పడేది 55 వేల లీటర్లు. పైకప్పు గొట్టం కింద ఒక ఇంకుడు గుంత తవ్వించాం. ఆ నీటిలో ఎంత భాగం నిలిచినా మన బోరుకు జమే.

మా వీధి చెప్పిన జాబితా

మొక్కల ఎంపికకు నేను ఒకే పరీక్ష పెట్టుకున్నాను. మా ఊళ్లో ఎవరూ పట్టించుకోకపోయినా బతికి ఉన్నవి ఏవి? ఒక ఆదివారం ఉదయం పాత బడి ఆవరణ, గుడి వెనక స్థలం, రోడ్డు మధ్య డివైడరు చూసి వచ్చాను. డివైడరు మీద మొక్కలు ట్యాంకరు వస్తే తాగుతాయి, రాకపోతే ఓర్చుకుంటాయి. మా పెరట్లో నాయన నాటిన వేపచెట్టుకు ఎవరూ ఏనాడూ నీళ్లు పోసింది లేదు. అది ఇన్నేళ్లుగా నా కళ్ల ముందే ఉంది, నేను చూడలేదు.

చివరికి నేలలో నాటినవి 12 మొక్కలు. నాలుగు నందివర్ధనాలు, రెండు దేవగన్నేరులు, రెండు కాగితపు పూల మొక్కలు, రెండు సీతాఫలాలు, ఒక నిమ్మ, ఒక కరివేపాకు. నేలబారున అక్కడక్కడ కలబంద, నిమ్మగడ్డి, వామాకు, బిళ్ళగన్నేరు. ఈ నాలుగూ ఒక్క ముక్కతోనో, పిలకతోనో, రాలిన విత్తనంతోనో తమంతట తాము పెరిగేవే.

ఒక్కొక్కదాని గుణం తెలిస్తే పని తగ్గుతుంది. నందివర్ధనం ఏడాది పొడవునా పూస్తుంది, పూజకు పూలకు లోటుండదు. కాగితపు పూల మొక్కకు ఎండ నిండుగా ఉండాలి, నీళ్లు తగ్గితేనే ఎక్కువ పూస్తుంది. అయితే ముళ్లుంటాయి కాబట్టి నడిచే దారికి దూరంగా గేటు మూల నాటాలి. దేవగన్నేరు, సీతాఫలం ఏడాదిలో కొన్నాళ్లు ఆకులు రాల్చి మోడులా నిలబడతాయి. చచ్చిపోయాయని పీకేయకండి, కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి.

డివైడర్ల మీద కనిపించే ఎర్ర గన్నేరు చాలా గట్టి మొక్క. కానీ దాని ప్రతి భాగమూ విషమే, పచ్చగన్నేరు కూడా అంతే. చిన్నపిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో వద్దు. మా మనవలు వస్తారు కాబట్టి మేం పెట్టలేదు.

నాటేటప్పుడు మూడు విషయాలు చూడాలి. ఒకటి, కాలం. వానలు మొదలయ్యాక, జూన్ నుంచి సెప్టెంబరు లోపల నాటితే వేసవికి ముందే వేర్లు నిలదొక్కుకుంటాయి. రెండు, ఎడం. నర్సరీలో మూరెడు ఉన్న మొక్కను చూసి దగ్గర దగ్గరగా నాటేస్తాం. మూడేళ్లకు అది ఎంత వెడల్పవుతుందో అడిగి, అంత చోటు వదలాలి. లేకపోతే జీవితాంతం కత్తిరింపే. మూడు, చోటు. కరెంటు తీగల కింద, సంపు పక్కన, మరుగుదొడ్డి గుంత మీద చెట్టు వద్దు.

నడిచే దారికి మా దగ్గర చవకగా దొరికే తాడిపత్రి బండలు పరిపించాను. నున్నగా పాలిష్ చేసినవి కాదు, గరుకువి. దారి నాలుగడుగుల వెడల్పు. అమ్మ ఒకరి చెయ్యి పట్టుకుని నడిచినా ఇద్దరికీ చోటుండాలని. సంపు చుట్టూ కూడా అవే బండలు, నీళ్లు నిలవకుండా వాలుగా.

బకెట్టు లేకుండా నీళ్లు

అసలు మార్పు ఇక్కడ ఉంది. ఎంత గట్టి మొక్కయినా మొదటి రెండు వేసవులు నీళ్లు అడుగుతుంది. ‘నీళ్లు అక్కరలేని మొక్క’ అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

మేడ మీది ట్యాంకు నుంచి ఒక సన్న గొట్టం దించి, ప్రతి మొక్కకు రెండేసి డ్రిప్పర్లు పెట్టించాను. మొదట్లో బ్యాటరీతో నడిచే టైమరు బిగించాను. కొనేటప్పుడు ఒకటి అడగాలి: ఇది ట్యాంకు నీటికి పనిచేస్తుందా? కొన్ని టైమర్లు మోటారు ఒత్తిడి ఉంటేనే తెరుచుకుంటాయి. నేను మొదట కొన్నది అలాంటిదే, మార్చుకోవలసి వచ్చింది.

డ్రిప్పరు మీద గంటకు 4 లీటర్లు అని ఉంటుంది. ట్యాంకు ఒత్తిడి తక్కువ కాబట్టి అంత రాకపోవచ్చు. ఒక డ్రిప్పరు కింద గిన్నె పెట్టి గంటలో ఎంత కారిందో కొలిచి, దాన్నిబట్టి సమయం పెట్టుకోవాలి. నేను మొక్కకు ఒక తడికి సుమారు 16 లీటర్లు చేరేలా, వారానికి రెండు తడులు పెట్టాను. 12 మొక్కలకు వారానికి 400 లీటర్ల లోపే. అదే స్థలంలో పచ్చిక వేసుంటే ఒక్క రోజుకు అయ్యే నీళ్లవి. మూడో ఏడు నుంచి వారానికి ఒక తడితో సరిపోతోంది. వానాకాలంలో టైమరు ఆపేస్తాం.

రోజూ కాస్త కాస్త పోయడం కంటే అప్పుడప్పుడు నిండుగా తడపడం మేలు. పైపైన తడిపితే వేర్లు పైపైనే ఉండిపోయి, ఒక్క రోజు నీళ్లు తప్పితే వాడిపోతాయి. లోతుగా తడిపితే వేర్లు లోతుకు దిగుతాయి.

డ్రిప్పు వద్దనుకునేవారికి కుండ పద్ధతి ఉంది. రంగు వేయని మామూలు మట్టికుండను మొక్కకు అడుగు, అడుగున్నర దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టాలి. నేల ఆరినకొద్దీ కుండ గోడల నుంచి తడి ఊరుతుంది. నేల తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. డ్రిప్పు గొట్టం చేరని రెండు సీతాఫలాలకు మొదటి ఏడాది మేం ఇదే చేశాం. ఉప్పునీళ్లయితే కొన్నేళ్లకు కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు కుండ మార్చాలి. మూత మాత్రం తప్పనిసరి, లేకపోతే దోమలు.

దోమల మాట వచ్చింది కాబట్టి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా పట్టే కాలం వారం, పది రోజులు. అంటే కుండీల కింది పళ్లేలలో నీళ్లు వారానికోసారి పారబోస్తే దాని పెంపకం ఆగిపోతుంది. మేం పళ్లేలే తీసేశాం. మరో మాట: ఏసీ నుంచి కారే నీళ్లు మొక్కలకు పోయవచ్చు. ఆర్‌వో యంత్రం వదిలే నీళ్లలో ఉప్పు ఎక్కువ, వాటిని మొక్కలకు అలవాటు చేయకండి.

నేలకు దుప్పటి

ఎండలో ఖాళీ నేల ఉందంటే రెండు నష్టాలు. తడి ఆరిపోతుంది, కలుపు మొలుస్తుంది. రెండిటికీ ఒకటే మందు, నేలను కప్పడం. దీన్నే మల్చింగ్ అంటున్నారు. వేప, దేవగన్నేరు రాల్చే ఎండుటాకులను అమ్మ ఇదివరకు ఊడ్చి కాల్చేది. ఇప్పుడు వాటినే పాదుల్లో రెండు మూడు అంగుళాల మందాన పరుస్తాం. వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు, ఊక, ఏది దొరికితే అది. కాండానికి మాత్రం తగలకుండా నాలుగంగుళాలు వదలాలి, లేకపోతే కుళ్లు వస్తుంది. ఇంటి గోడకు ఆనించి పరచకూడదు, చెదలు వస్తాయి.

ఆకులు కుళ్లి ఏడాదికి ఎరువవుతాయి. దానికి తోడు జూన్‌లో చెట్టుకు ఒక తట్ట పశువుల ఎరువు. ఇంతకు మించి మేం ఏమీ వేయడం లేదు. ఊడ్చే పని తగ్గింది, పొగ తగ్గింది, కలుపు మూడొంతులు తగ్గింది.

ఇప్పుడు పని ఎంత?

రెండు వారాలకోసారి అరగంట: డ్రిప్పర్లు కారుతున్నాయా చూడటం, నాలుగు కలుపు మొక్కలు పీకడం. మూడు నెలలకోసారి గంటన్నర: డ్రిప్పు వడపోత జాలీ కడగడం, ఉప్పు పట్టిన డ్రిప్పర్లు విప్పి శుభ్రం చేయడం, దారికి అడ్డొచ్చిన కొమ్మలు తీయడం. ఏడాదికోసారి, జూన్‌లో, ఒక పూట ఒక కూలి మనిషితో పాదులు చేయించి ఎరువు వేయించడం. అంతే. ఆడిట్ వారంలో నేను ఒక శనివారం వెళ్లలేకపోయినా ఏ మొక్కా అలగదు.

ఫ్లాట్లలో, క్వార్టర్లలో ఉండేవారికి

నేల లేనివారు, రెండేళ్లకోసారి సామాను సర్దేవారు ‘అయిదు కుండీలు’ అన్న నియమం పెట్టుకోండి. పన్నెండంగుళాలవి అయిదు. ఆరోది కొనాలంటే ఒకటి ఎవరికైనా ఇచ్చేయాలి. ఎండ తగిలే బాల్కనీలో కలబంద, వామాకు, రణపాల, కాగితపు పూలు. ఎండ పడని చోట స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, మనీప్లాంట్. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ రెండు వారాల సెలవు పెట్టినా మిమ్మల్ని క్షమిస్తాయి. వీటిని చంపేది నిర్లక్ష్యం కాదు, అతి ప్రేమ. వేలు రెండంగుళాలు మట్టిలో గుచ్చి చూడండి, పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. తడిసిన పన్నెండంగుళాల కుండీ పాతిక కిలోల దాకా తూగవచ్చు కాబట్టి పిట్టగోడ మీద పెట్టకండి.

మా పొరపాట్లు కూడా

అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. నూరువరహాలు నాలుగు నాటాం, ఏడాదిలో ఆకులు పసుపు పచ్చగా మారాయి. ఉప్పునీటికీ క్షారపు నేలకూ దానికి పడదని తర్వాత తెలిసింది. ఒక మూల కలుపు రాదని గులకరాళ్లు పోయించాను. రెండేళ్లకు వాటి మధ్య దుమ్ము పేరుకుని కలుపు మొలిచింది, రాళ్ల మధ్య నుంచి పీకడం మరీ కష్టం. ఉడతలు డ్రిప్పు గొట్టాన్ని రెండుసార్లు కొరికాయి. అతకడానికి పది రూపాయల జాయింటు, పది నిమిషాలు పట్టాయి. ఇవన్నీ కలిపినా అమ్మ ఒక్క రోజు మోసిన బకెట్ల బరువుకు సరితూగవు.

అమ్మ మణికట్టు అతుక్కుంది కానీ పూర్వపు పట్టు రాలేదు. బరువు ఎత్తలేదు, ఎత్తనవసరం కూడా లేదు. సాయంత్రం గరుకు బండల దారి మీద నాలుగు అడుగులు వేసి, నందివర్ధనం పూలు చీరకొంగులో కోసుకుని, వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుంటుంది.

పోయిన నెల రెండో శనివారం వెళ్లేసరికి తులసికోట పక్కన కొత్తగా రెండు కనకాంబరం కుండీలు కనిపించాయి. పక్కన ఒక చిన్న చెంబు. ‘మళ్లీ ఇవేంటమ్మా, ఎవరు పోస్తారు నీళ్లు?’ అన్నాను, మన ముందస్తు పరిశీలన ధోరణిలోనే.

‘అవి నావి లే. నీ లెక్కలో రాసుకోవద్దు’ అంది.

నిజమే. ఆ పని ఎవరూ ఆమె నెత్తిన పెట్టింది కాదు, ఆమె కోరి తెచ్చుకున్నది. రెండు చెంబుల నీళ్లు, రోజుకు అయిదు నిమిషాలు. మా కాగితంలో అమ్మ పేరు ఎదురుగా ఉన్న సున్నాను నేను మార్చలేదు.